మీ బోర్డులో కరెంటు ఎటు వెళ్తుందో రాసివ్వండి: హార్డ్‌వేర్ టీములకు ఒక బహిరంగ లేఖ

ఎంబెడెడ్ బోర్డులు డిజైన్ చేసే ఇంజనీర్లకు, వాటిని అమ్మే కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లుగా కొత్త బోర్డుల మీద లినక్స్ కెర్నెల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) లేపే పని చేస్తున్నాను. మీరు స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) గీసి, లేఅవుట్ చేసి, కాంపోనెంట్లు ఎక్కించి పంపిన బోర్డు నా టేబుల్ మీదికి వస్తుంది. దాని మీద కెర్నెల్ బూట్ అయ్యి, డిస్‌ప్లే వెలిగి, నెట్‌వర్క్ వచ్చి, బ్యాటరీ చెప్పినన్ని రోజులు నిలిచేదాకా బాధ్యత నాది. ఇన్నేళ్లలో నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువ తినేసిన సమస్య ఒకటే. బోర్డు మీద ఏ వోల్టేజ్ రెగ్యులేటర్ (కావలసిన వోల్టేజ్‌ని నిలకడగా ఇచ్చే భాగం) ఏ చిప్‌కి సప్లై ఇస్తుందో, ఎంత ఇవ్వాలో, ఎంత దాటకూడదో ఎవరూ సరిగ్గా రాసివ్వరు. ఈ లేఖ అందుకోసమే.

ఈమధ్య జరిగింది చెప్తాను. గోడౌన్లలో స్టాక్ లెక్కపెట్టడానికి వాడే చేతి పరికరం ఒకటి వచ్చింది. బూట్ బాగానే అయ్యింది. టచ్ పని చేసింది, మెనూ కదిలింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. అరనిమిషం తర్వాత టచ్ చచ్చిపోయింది. మళ్లీ బూట్ చేస్తే మళ్లీ అరనిమిషం పని చేసి ఆగిపోయింది. కేబుల్ మార్చాం. ప్యానెల్ మార్చాం. టచ్ డ్రైవర్ రాసినవాళ్లని అనుమానించాం. మూడు రోజులు పోయాయి. మూడో రోజు సాయంత్రం టచ్ కంట్రోలర్ పక్కనున్న చిన్న కెపాసిటర్ మీద స్కోప్ ప్రోబ్ పెట్టి కూర్చున్నాను. 3.3 వోల్టుల దగ్గర గీత తిన్నగా ఉంది. టైమ్ చూస్తూనే ఉన్నాను. ముప్పై సెకన్లు దాటగానే ఆ గీత మెల్లగా జారి సున్నాకి వచ్చేసింది. అదే క్షణంలో సీరియల్ కన్సోల్‌లో ఒక లైన్ పడింది: పీమిక్‌లోని, అంటే బోర్డుకి సప్లైలు పంచే పవర్ చిప్‌లోని, ఏడో ఎల్‌డీఓ (ఒక రకం రెగ్యులేటర్) పేరు, పక్కన 'డిజేబ్లింగ్' (ఆపేస్తున్నాను) అన్న ఒక్క మాట.

సప్లై తీసేసింది కెర్నెలే. దాని తప్పు మాత్రం కాదు. బూట్ అయ్యాక అరనిమిషం ఆగి, ఎవరూ అడగని రెగ్యులేటర్లన్నిటినీ అది ఆపేస్తుంది. కరెంటు వృథా కాకూడదు కదా. కెర్నెల్‌కి ఇచ్చే మా బోర్డు వివరణ ఫైల్‌ని ఎవరో చిప్ కంపెనీ నమూనాగా ఇచ్చే రిఫరెన్స్ బోర్డు నుంచి ఉన్నదున్నట్టు కాపీ చేశారు. అక్కడ ఆ ఏడో ఎల్‌డీఓ కెమెరాకి వెళ్తుంది. మా బోర్డులో కెమెరా లేదు, ఆ లైన్‌ని మీవాళ్లు టచ్‌కి ఇచ్చారు. ఆ మార్పు స్కీమాటిక్‌లో ఉంది, కెర్నెల్‌కి ఇచ్చిన ఫైల్లో లేదు. బూట్ అయిన రెండో సెకనులోనే లాగ్‌లో ఇంకో లైన్ కూడా పడింది: టచ్‌కి సప్లై దొరకలేదు, డమ్మీ (ఉత్తుత్తి) రెగ్యులేటర్ వాడుతున్నాను అని. ఆ లైన్ ప్రతి బోర్డులోనూ పది చోట్ల కనిపిస్తుంది కాబట్టి మేమెవ్వరం పట్టించుకోలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటాను.

మీలో చాలామందికి ఇది సాఫ్ట్‌వేర్ సంగతి అనిపిస్తుంది. కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ గుచ్చితే అది తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు తానే చెప్పుకుంటుంది. పీసీఐ కార్డు కూడా అంతే. రెగ్యులేటర్ నుంచి చిప్ దాకా వెళ్లే రాగి తీగకి నోరు లేదు. పీమిక్‌లో ఏడో ఎల్‌డీఓ ఉందని దాని డ్రైవర్‌కి తెలుసు, కానీ ఆ ఎల్‌డీఓ అవతలి కొసన ఏముందో కనుక్కునే మార్గం కెర్నెల్‌కి లేనే లేదు. పీసీలు, ల్యాప్‌టాప్‌లలో ఈ గొడవ చాలావరకు ఫర్మ్‌వేరే చూసుకుంటుంది, అందుకే అక్కడ పని చేసి వచ్చినవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. మన ఆర్మ్ (ఫోన్లలో ఉండే రకం ప్రాసెసర్) బోర్డుల్లో డివైస్ ట్రీ అనే ఫైల్లో మనుషులు కూర్చుని రాయాల్సిందే. ఆ తీగ గీసింది మీరు.

మా నాన్న లైన్‌మన్‌గా చేశారు. లైన్ మీద పనికి వెళ్లేముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి ఉంచుతామన్న అనుమతి) తీసుకునేవారు. ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు రెండు చోట్ల పని చేస్తుంటే, రెండూ ఎల్‌సీ వాపసు ఇచ్చేదాకా ఆపరేటర్ లైన్ చార్జ్ చేయడు. రిజిస్టర్‌లో పేరు రాయించకుండా ఎవరైనా స్తంభం ఎక్కితే, అతను పైనున్నాడని ఆపరేటర్‌కి తెలిసే దారి లేదు. ఆ భయం మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. కెర్నెల్ దగ్గర కూడా అలాంటి లెక్కే ఉంటుంది, దిశ మాత్రం తిరగబడి. ఒక రెగ్యులేటర్ మీద నాలుగు చిప్‌లు ఆధారపడితే, ప్రతి డ్రైవర్ నాకు సప్లై కావాలి అని అడిగినప్పుడు లెక్క ఒకటి పెరుగుతుంది, ఇక వద్దు అన్నప్పుడు ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నాకి వచ్చాకే లైన్ కట్ అవుతుంది. రిజిస్టర్‌లో పేరు లేని చిప్ ఆ లెక్కలోకి రాదు. పక్క చిప్ నిద్రపోగానే దీనికీ కరెంటు పోతుంది.

ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. ఎడిన్‌బరోలోని వుల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్ తరఫున లియమ్ గర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్ చేసిన పనితో 2008 అక్టోబర్‌లో వచ్చిన 2.6.27 కెర్నెల్‌లో రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ చేరింది. అప్పట్లో బోర్డు వివరాలన్నీ సీ కోడ్‌లో, ఒక్కో బోర్డుకి ఒక్కో ఫైల్‌గా ఉండేవి. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆర్మ్ బోర్డు ఫైళ్ల గందరగోళం మీద గట్టిగా మండిపడ్డాక, డివైస్ ట్రీ వైపు అందరూ కదిలారు. రెగ్యులేటర్ల వివరాలను డివైస్ ట్రీ నుంచి చదివే కోడ్ ఫైల్ మీద టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి చెందిన రాజేంద్ర నాయక్ పేరు, 2011 సంవత్సరం కనిపిస్తాయి.

ఆ ఫ్రేమ్‌వర్క్‌లో నాకు బాగా నచ్చిన ఆలోచన ఒకటుంది. చిప్ ఏం చేయగలదు అన్నది ఒక లెక్క, ఈ బోర్డు మీద దాన్ని ఏం చేయనివ్వాలి అన్నది ఇంకో లెక్క. రెండిటినీ విడదీశారు. ఒక ఎల్‌డీఓ 0.8 వోల్టుల నుంచి 3.3 వోల్టుల దాకా ఇవ్వగలదనుకోండి. అది డేటాషీట్‌లో ఉంటుంది, డ్రైవర్‌లో ఉంటుంది, ప్రపంచమంతటా ఒకటే. మీ బోర్డులో దాని అవతల 1.8 వోల్టుల ఐఓ (డేటా పిన్నులు) ఉన్న ఈఎంఎంసీ (స్టోరేజ్ చిప్) కూర్చుని ఉంటే, ఆ లైన్ 1.8 దాటకూడదు. ఈ రెండో సంగతి చిప్ తయారుచేసినవాళ్లకి తెలియదు, నాకూ తెలియదు, మీకు మాత్రమే తెలుసు. అందుకే కెర్నెల్ చాలా జాగ్రత్తగా ఉంటుంది. బోర్డు వివరణలో హద్దులు రాయకపోతే, ఏ డ్రైవర్ ఎంత బతిమాలినా వోల్టేజ్ మార్చదు.

హద్దులు తప్పుగా రాస్తే మాత్రం అది వాటినే నమ్ముతుంది. ఫైల్లో వోల్టేజ్ మైక్రోవోల్టుల్లో రాస్తాం. 1.8 వోల్టులంటే 1800000, అంటే పద్దెనిమిది లక్షలు. 3.3 అంటే ముప్పై మూడు లక్షలు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకే అంకె రాస్తే, పీమిక్ డ్రైవర్ లేచిన వెంటనే కెర్నెల్ ఆ వోల్టేజ్ పెట్టేస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు. కాపీ చేసిన ఫైల్లో 3300000 అని మిగిలిపోయి, కింద 1.8 వోల్టుల పిన్నులు ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బోర్డు ఒక్కోసారి వెంటనే పోదు. నాలుగు నెలలు పని చేసి కస్టమర్ దగ్గర పోతుంది, అప్పుడు కారణం వెతకడం మహా కష్టం.

రెగ్యులేటర్‌ని ఆన్ చేసే ఎనేబుల్ పిన్ సంగతి కూడా ఇలాంటిదే. జీపీఐఓతో (సాఫ్ట్‌వేర్ పైకీ కిందికీ మార్చగల పిన్‌తో) ఆన్ ఆఫ్ అయ్యే మామూలు ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌కి, పిన్ పైకి లేస్తే ఆన్ అవుతుంది అని చెప్పే 'ఎనేబుల్-యాక్టివ్-హై' అన్న మాట ఫైల్లో ఉండాలి. ఆ మాట లేకపోతే పిన్ కిందికి లాగితే ఆన్ అవుతుందని కెర్నెల్ అనుకుంటుంది. అప్పుడు కెర్నెల్ ఆన్ చేశాననుకున్నప్పుడల్లా సప్లై పోతుంది, ఆఫ్ చేశాననుకున్నప్పుడల్లా వస్తుంది. స్కీమాటిక్‌లో ఆ పిన్ పక్కన ఒక చిన్న గీత ఉందా లేదా అని జూమ్ చేసి చూసుకుంటూ గడిపిన రాత్రులు నాకు గుర్తున్నాయి. ఆ సమాధానం మీకు నాలుక చివర ఉంటుంది.

వోల్టేజ్ పెరగడానికి పట్టే టైమ్ గురించి మీవాళ్లు దాదాపు ఎప్పుడూ చెప్పరు. సీపీయూ స్పీడ్ పెంచాలంటే కెర్నెల్ ముందు వోల్టేజ్ పెంచి, అది నిలదొక్కుకునేదాకా ఆగి, తర్వాత ఫ్రీక్వెన్సీ పెంచుతుంది. ఎంతసేపు ఆగాలన్నది ర్యాంప్ రేటు (వోల్టేజ్ పెరిగే వేగం) నుంచి లెక్కేస్తుంది. 0.9 నుంచి 1.2 వోల్టులకి వెళ్లాలి అనుకోండి, అంటే 300000 మైక్రోవోల్టుల తేడా. ఫైల్లో మైక్రోసెకనుకి 12500 అని ఉంటే కెర్నెల్ 24 మైక్రోసెకన్లు ఆగుతుంది. మీ బోర్డులో పీమిక్ నిజానికి 3125 రేటుతో సెట్ అయి ఉంటే, 24 మైక్రోసెకన్లకి వోల్టేజ్ 0.975 దగ్గరే ఉంటుంది. 1.2 దాకా వెళ్లడానికి 96 మైక్రోసెకన్లు కావాలి. ఈలోపే ఫ్రీక్వెన్సీ పెరిగిపోతుంది. రోజుకి ఒకసారి, రెండు రోజులకి ఒకసారి హ్యాంగ్ అయ్యే బోర్డులలో నేను మొదట చూసేది దీన్నే. అది ఎండాకాలంలో ఎక్కువ, ఏసీ గదిలో తక్కువ కనిపిస్తే ఇక టెన్షన్ మామూలుగా ఉండదు, ఎందుకంటే ల్యాబ్‌లో ఎంత ప్రయత్నించినా దొరకదు.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు. ఏ రెగ్యులేటర్ ఎక్కడికి వెళ్తుందో తెలియనప్పుడు, అన్నిటికీ 'ఆల్వేస్-ఆన్' అని రాసేయడం. ఇరవై రెండు రెగ్యులేటర్లున్న పీమిక్‌లో ఇరవై రెండింటికీ ఆ ఒక్క మాట తగిలించిన ఫైళ్లు నా చేతికి వచ్చాయి. దాంతో బోర్డు బూట్ అవుతుంది, టచ్ ఆగదు, డెమో అయిపోతుంది. అరనిమిషం సమస్యకి కూడా చాలామంది చేసే చికిత్స ఇదే, మా టీమ్‌లో కూడా ఆ సాయంత్రం ఒకరు అదే చేద్దామన్నారు. డీడీఆర్ మెమరీకి, సీపీయూ కోర్‌కి, టైమ్ ఉంచుకునే గడియారం చిప్‌కి ఆ మాట న్యాయమే, అవి నిజంగానే ఆగకూడదు. వైఫైకి, కెమెరాకి, సెన్సర్లకి ఎందుకు?

ఆ బిల్లు తర్వాత కస్టమర్ కడతాడు. వాడకంలో లేని ఒక్క లైన్ మీద 20 మిల్లీఆంపియర్లు కారుతున్నా, 2000 ఎంఏహెచ్ బ్యాటరీ నూరు గంటల్లో ఖాళీ అవుతుంది. పరికరం అల్మారాలో పడి ఉన్నా సరే, నాలుగు రోజుల్లో డెడ్. సీపీయూ సప్లై ఏదో రాయకపోతే కెర్నెల్ ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గించగలదు, వోల్టేజ్ అలాగే ఉండిపోతుంది. చిప్ నడుస్తున్నప్పుడు కాల్చే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 1.2 నుంచి 0.9కి దిగితే అదే ఫ్రీక్వెన్సీలో సుమారు 44 శాతం ఆదా అవుతుంది. ఆ ఆదా మొత్తం పోతుంది. ఇంకోటి కూడా ఉంది. వైఫై చిప్ మొండికేస్తే దాని సప్లై ఒకసారి తీసి మళ్లీ ఇస్తే చాలాసార్లు దారికి వస్తుంది. లైన్ ఆల్వేస్-ఆన్‌లో ఉంటే కెర్నెల్ ఆ పని చేయలేదు. ఎక్కడో పొలం గట్టు మీద స్తంభానికి బిగించిన పరికరం దగ్గరికి మనిషి వెళ్లి, పెట్టె విప్పి, బ్యాటరీ తీగ పీకి పెట్టాలి. ఫైల్లో నాలుగు లైన్లు రాయనందుకు ఆ మనిషి బస్సెక్కి వెళ్లడం నాకు న్యాయంగా అనిపించదు.

ఎస్‌డీ కార్డు గురించి ఒక్క మాట. కార్డుకి పవర్ లైన్ వేరు, ఐఓ లైన్ వేరు. ఐఓ 3.3 నుంచి 1.8కి మారగలిగితేనే కార్డు సెకనుకి 104 ఎంబీ దాకా వెళ్లే మోడ్‌లోకి పోతుంది, లేకపోతే 25 దగ్గరే ఆగుతుంది. బోర్డు మీద ఆ మార్చే రెగ్యులేటర్ పెట్టి, దానికి డబ్బులు కూడా ఖర్చు పెట్టి, కెర్నెల్‌కి చెప్పని బోర్డులు చూశాను.

2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు పర్చేజ్ వాళ్లు ఏది దొరికితే అది కొన్నారు. అందులో ఎవరినీ తప్పుపట్టలేం, లైన్ ఆగకూడదు కదా. ఒక బ్యాచ్‌లో మాకు పిన్నుకి పిన్ను సరిపోయే వేరే రెగ్యులేటర్ వేశారు. పిన్నులు సరిపోయాయి, సాఫ్ట్ స్టార్ట్ టైమ్ సరిపోలేదు. కొత్తది పూర్తి వోల్టేజ్‌కి రావడానికి పాతదానికంటే ఎక్కువ సమయం తీసుకునేది. దాని అవతలి సెన్సర్‌ని కెర్నెల్ తొందరపడి పలకరించి, జవాబు రాకపోవడంతో వదిలేసేది. వంద బోర్డుల్లో తొంభై బాగుండేవి, పది బోర్డుల్లో సెన్సర్ కనిపించేది కాదు. బీఓఎమ్‌లో (విడిభాగాల జాబితాలో) ఒక లైన్ మారిందని మాకు ఎవరైనా ఒక మెయిల్ పెట్టి ఉంటే, ఫైల్లో స్టార్టప్ డిలే అంకె ఒకటి మార్చి, బోర్డు రివిజన్‌కి వేరే పేరు పెట్టి, అదే రోజు ముగించేవాళ్లం. అది తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది.

కంపెనీల యాజమాన్యాలు ఒక మాట అంటారు: స్కీమాటిక్ రహస్యం, బయటికి ఇవ్వలేం. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ నేను అడుగుతున్నది స్కీమాటిక్ మొత్తం కాదు, పవర్ పేజీ ఒక్కటి. బోర్డు చేతిలో ఉన్నవాడు మల్టీమీటర్‌తో ఒక పూట కూర్చుంటే ఏ లైన్ ఎక్కడికి వెళ్తుందో చాలావరకు రాబట్టగలడు. కాపీ కొట్టాలనుకున్నవాడికి అది అడ్డు కాదు, మీ బోర్డుని బాగా నడపాలనుకున్నవాడికి మాత్రం అది అడ్డు.

ఇంకొందరు బూట్‌లోడర్‌లోనే (కెర్నెల్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్‌లోనే) అన్నీ ఆన్ చేసి వదిలేస్తున్నాం, కెర్నెల్‌కి ఎందుకు చెప్పాలి అంటారు. బోర్డు నిద్రపోయి లేచేటప్పుడు మామూలుగా బూట్‌లోడర్ మళ్లీ మొదటినుంచి నడవదు. నిద్రలో ఏ లైన్ ఆన్‌లో ఉండాలి, ఏది పోవాలి అన్నది కెర్నెల్ తేల్చాలి. పవర్ బటన్ నొక్కి మళ్లీ నొక్కితే టచ్ రాదు, యూఎస్‌బీ రాదు అన్న ఫిర్యాదులు మా దగ్గరికి వచ్చే వాటిలో సగం ఇక్కడ పుట్టినవే.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. బోర్డు పంపేటప్పుడు దానితోపాటు పవర్ ట్రీ పంపండి. ఏ రెగ్యులేటర్‌కి పైనుంచి ఎవరు సప్లై ఇస్తున్నారు, కింద ఎవరెవరు తీసుకుంటున్నారు, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఎనేబుల్ పిన్ ఏది, ఎటు లేస్తే ఆన్ అవుతుంది, నిలదొక్కుకోవడానికి ఎంతసేపు పడుతుంది, బోర్డు నిద్రలో ఉన్నప్పుడు ఆన్‌లో ఉండాలా వద్దా. ఇవి మీ తలలో ఉన్నాయి, మీ కాలిక్యులేషన్ షీట్లో ఉన్నాయి. పై సప్లై ఎవరిదో మర్చిపోవద్దు, చాలామంది వదిలేసేది అదే. పైనున్న బక్ కన్వర్టర్ (ఇంకో రకం రెగ్యులేటర్) ఆఫ్‌లో ఉంటే దాని కింది ఎల్‌డీఓని ఎన్నిసార్లు ఆన్ చేసినా ఏమీ రాదు.

ఆ వివరాలతో డివైస్ ట్రీ రాశాక, దాన్ని మీ సొంత కెర్నెల్ కాపీలో దాచుకోకండి. మెయిన్‌లైన్‌కి (అందరికీ ఉమ్మడిగా ఉండే అసలు కెర్నెల్‌కి) పంపనివ్వండి. పంపేముందు 'డీటీబీఎస్ చెక్' అనే పరీక్ష నడిపితే ఏ ప్రాపర్టీ పేరు తప్పు రాశామో, ఏ తప్పనిసరి లైన్ మర్చిపోయామో అదే చూపిస్తుంది. అక్కడి మెయింటెయినర్లు (మార్పులు చూసి ఒప్పుకునేవాళ్లు) కఠినంగా ప్రశ్నలు వేస్తారు. ఈ లైన్ ఎందుకు ఆల్వేస్-ఆన్ అని అడుగుతారు, జవాబు చెప్పలేకపోతే తీసేయమంటారు. ఆ ప్రశ్నకి జవాబు కోసం మేము మీ దగ్గరికే రావాలి, అప్పుడు మీరు మెయిల్‌కి జవాబివ్వాలి. మీ ఇంజనీర్ ఉద్యోగం మారి వెళ్లిపోయినా, కంపెనీ ఆ బోర్డు అమ్మడం ఆపేసినా, ఆ ఫైల్ మెయిన్‌లైన్‌లో ఉంటే ఆ బోర్డు కొన్నవాళ్లు ఐదేళ్ల తర్వాత కూడా కొత్త కెర్నెల్ వేసుకోగలరు. నా దగ్గర రెండు పాత బోర్డులున్నాయి. వాటి పవర్ వివరాలు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఆ బోర్డులు ఇంకా పాత కెర్నెల్ మీదే నడుస్తున్నాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా.

మీకు ఫైల్ రాసే టైమ్ లేకపోతే నేనే రాస్తాను. డివైస్ ట్రీ నేర్చుకోమని మిమ్మల్ని అడగడం లేదు. పవర్ పేజీ ప్రింట్ తీసి, దాని మీద పెన్నుతో ఏ లైన్ ఎక్కడికి పోతుందో గుర్తుపెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి పంపినా చాలు. వచ్చే నెల రాబోయే రెండో రివిజన్ బోర్డు మీవాళ్ల దగ్గర లేఅవుట్‌లో ఉందని విన్నాను. అందులో ఏడో ఎల్‌డీఓ ఇంకా టచ్‌కే వెళ్తోందా? ముందు అదొక్కటి చెప్పండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బోర్డుల మీద పని చేసే ఒక కెర్నెల్ ఇంజనీర్